ఎవరి కబురు ఎవరు చెప్పాలి

దుబాయ్‌లో షేక్ జాయెద్ రోడ్డు మీద మెట్రోలో పోతుంటే ముందు అద్దాల మేడలు కనిపిస్తాయి. వాటి సందుల్లోంచి లోపలికి చూస్తే రేకుల గోదాములు, లారీలు, గ్యారేజీలు, వడ్రంగి షాపులు కనిపిస్తాయి. అది అల్ ఖూజ్. ఇండస్ట్రియల్ ఏరియా ఒకటి నుంచి నాలుగు దాకా అంతా అదే తీరు. ఆ గోదాముల వెనక లేబర్ క్యాంపులు. తెల్లవారకముందే కంపెనీ బస్సులు బయల్దేరతాయి, చీకటి పడ్డాక తిరిగొస్తాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఎక్కువ. కోనసీమ వాళ్ళు, కడప, రాయచోటి వైపు వాళ్ళు కూడా కనిపిస్తారు.

ఎనభైలలో, తొంభైలలో గల్ఫ్‌కు వచ్చిన పెద్దవాళ్ళను కదిలిస్తే క్యాసెట్ల సంగతి చెప్తారు. ఉత్తరం రాయడం రానివాళ్ళు, వచ్చినా మనసులో మాట కాగితం మీద పెట్టలేనివాళ్ళు టేప్ రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, ఆ క్యాసెట్‌ను ఊరికి పోయేవాడి చేతికిచ్చేవాళ్ళు. అతని పెట్టెలో టైగర్ బామ్, అత్తరు సీసా, పిల్లల బట్టలు, వాటి మధ్యన ఆ క్యాసెట్. క్యాసెట్లో చెప్పని మాట ఒకటి మాత్రం చెవిలో చెప్పి పంపేవాళ్ళు. "కాలుకు దెబ్బ తాకిన సంగతి నాయినకు చెప్పు, అమ్మకు చెప్పకు." అతను ఊళ్ళో దిగగానే పదిమంది చుట్టూ మూగుతారు. ఎవరికి ఏది చెప్పాలో, ఏది కడుపులో దాచుకోవాలో అతనికి తెలుసు. ఎందుకంటే రేపు ఆ మాట తేడా వస్తే "ఎవరు చెప్పిండ్రు?" అని అడుగుతారు, అప్పుడు అతని పేరే బయటికొస్తుంది.

ఇప్పుడు "ఎవరు చెప్పిండ్రు?" అని అడిగితే "గ్రూపుల వచ్చింది" అంటున్నారు. గ్రూపుకు ముఖం లేదు, ఇంటిపేరు లేదు. పోయి నిలదీద్దామంటే గడప లేదు.

నేను ఈ పూట చెప్పదలచుకున్నది దీని గురించే. మనం పంపే ప్రతి ఫొటో, ప్రతి వీడియో, ప్రతి వాయిస్ మెసేజీ ఎవరో ఒకరి కబురు. పత్రికలో అచ్చేసేవాడికి ఒక సంపాదకుడుంటాడు, ఒక చిరునామా ఉంటుంది, తప్పు రాస్తే కోర్టు నోటీసు ఎవరికి పోవాలో తెలుసు. మన చేతిలో ఫోనుకు సంపాదకుడు మనమే. కాబట్టి పంపేముందు ఇది ఎవరి కబురో, చెప్పే హక్కు ఎవరిదో మనమే చూసుకోవాలి. చూసుకుని పంపాక "నేనే పంపిన" అని ఒప్పుకోగలగాలి.

కబుర్లన్నిటిలోకీ బరువైనది చావు కబురు. దాని దగ్గరే మొదలుపెడతాను.

క్యాంపులో ఇది ఎలా జరుగుతుందో ఇక్కడివాళ్ళకు తెలుసు. రాత్రి మెస్‌లో అందరితో కలిసి తిన్న మనిషి పొద్దున లేవడు. లేదా సైట్ మీద కూలబడతాడు. అంబులెన్స్ వస్తుంది, పోలీసులు వస్తారు, రూములోవాళ్ళను పక్కకు నిలబెట్టి వివరాలు అడుగుతారు. ఆ గందరగోళంలోనే ఎవరో ఒకరు ఫొటో తీస్తారు. ఇంకొకరు అతని పాత ఫొటో వెతికి, ఫోన్‌లోనే పూలదండ ఫ్రేము తగిలించి, "మిస్ యూ అన్నా" అని స్టేటస్ పెడతారు. దుర్బుద్ధితో పెట్టరు. దుఃఖంతోనే పెడతారు. కానీ మనకంటే ఊరు గంటన్నర ముందుంటుంది. ఇక్కడ ఆరవుతుంటే అక్కడ ఏడున్నర, అందరి చేతుల్లో ఫోన్లు తెరుచుకునే వేళ. ఆ స్టేటస్ ముందు పక్కింటి పిల్లవాడు చూస్తాడు. తర్వాత కిరాణా కొట్టు దగ్గర నలుగురు చూస్తారు. వాకిట్లో ముగ్గు వేస్తున్న భార్యకు, ఎదురింటివాళ్ళు తనను చూసి తలుపు దగ్గరే ఎందుకు ఆగిపోయారో అర్థం కాదు. ఆమెకు చెప్పాల్సిన మనిషి ఒకరుంటారు. అన్నో, బావో, మేనమామో. పక్కన కూర్చుని, నీళ్ళు తాగించి, మెల్లగా చెప్పేవాడు. అతని పని మనం చేసేశాం, అదీ ఒక పూలదండ బొమ్మతో.

అంతటితో అయిపోదు. ఇక్కడ పోలీసు కాగితం, మరణ ధ్రువపత్రం, వీసా రద్దు, కాన్సులేట్ అనుమతి అన్నీ కావాలి. శవాన్ని మనవాళ్ళు సోనాపూర్ అని పిలిచే ముహైస్నాలో సిద్ధం చేసి, కార్గోలో శంషాబాద్‌కు పంపేసరికి రోజులు పడతాయి. ఆ రోజులన్నీ ఆ ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంటుంది. గ్రూపులో ఒకరు గుండెపోటు అంటారు, ఒకరు ఉరి అంటారు, ఒకరు కంపెనీయే చంపిందంటారు. పోలీసు రిపోర్టు ఇంకా రానేలేదు. ఉరి అన్న ఆ ఒక్క మాట, అది అబద్ధమని తేలినా సరే, ఆ ఇంటి ఆడపిల్ల పెళ్ళి సంబంధాల దాకా వెంటాడుతుంది.

కొన్ని రూముల్లో పెద్దవాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఊరికి ఒక్కరే ఫోన్ చేస్తారు. ఆ ఒక్కరు చనిపోయినవాడికి దగ్గరివాడై ఉండాలి. ఆయన చేసేది భార్యకో తల్లికో కాదు, ఇంట్లో గుండె నిబ్బరమున్న మనిషికి. అవతలి నుంచి "ఇంట్ల చెప్పినం" అనే మాట వచ్చేదాకా రూములో ఎవరి స్టేటస్ మారదు. ఇందులో ఖర్చు లేదు, చదువు అక్కర్లేదు. ప్రతి క్యాంపులోనూ ఇది ఉండాలని నా అభిప్రాయం.

ఈ విషయంలో ఇక్కడి చట్టం కూడా గట్టిగానే ఉంది. ఎమిరేట్స్‌లో వదంతులు, సైబర్ నేరాల మీద 2021లో తెచ్చిన 34వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం 2022 జనవరి 2 నుంచి అమల్లో ఉంది. అందులో 44వ అధికరణం ప్రకారం, ప్రమాదంలో గాయపడ్డవారి, చనిపోయినవారి ఫొటోలు అనుమతి లేకుండా తీసి పంపడం నేరం. ఎదుటివాడి ఫొటో అతని అనుమతి లేకుండా తీయడం, దాచుకోవడం, పెట్టడం కూడా దాని కిందికే వస్తుంది. కనీసం 6 నెలల జైలు, లక్షన్నర నుంచి 5 లక్షల దిర్హాముల జరిమానా, లేదా రెండింటిలో ఏదో ఒకటి. ఇంకో సంగతి మనవాళ్ళు చాలామందికి తెలియదు. ఒక మనిషికి హాని చేయాలనే ఉద్దేశంతో పెడితే, పెట్టింది నిజమైనా సరే తప్పించుకోలేరు. "ఉన్నమాటే కదా పెట్టిన" అనేది ఇక్కడ జవాబు కాదు.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. చట్టానికి భయపడి మానుకోవడం వేరు, తప్పని తెలిసి మానుకోవడం వేరు. మన దేశంలో ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఫేస్‌బుక్‌లో నచ్చని మాట రాశారని అరెస్టు చేసే వీలు ఆ సెక్షన్ ఇచ్చేది. అది పోవడం మంచిదే. ఇక్కడ గీత ఇంకా లోపలికి గీశారు. 2015లోనే అబుదాబిలో ఉన్న ఒక ఆస్ట్రేలియా మహిళ, వికలాంగుల పార్కింగులో అడ్డంగా నిలిపిన కారు ఫొటోను, నంబరు కనిపించకుండా చేసి ఫేస్‌బుక్‌లో పెట్టింది. ఆమెను జైల్లో పెట్టి, దేశం నుంచి పంపించేశారు. నీతి లెక్కన ఆమె చేసింది ఘోరమని నేను అనలేను. కానీ ఈ గడ్డ మీద బతుకుతున్నాం, వీసా కాగితం మీద నిలబడి ఉన్నాం. ఈ రెండు లెక్కలూ మనకు వేర్వేరుగా తెలిసి ఉండాలి.

రెండు లెక్కలూ ఒకదాన్నొకటి ఢీకొన్న కేసు ఒకటుంది, మనవాళ్ళదే. 2013 జూలై. దుబాయ్ రోడ్డు మీద ట్రాఫిక్ గొడవలో ఒక ఎమిరాటీ అధికారి భారతీయుడైన వ్యాన్ డ్రైవరును కొడుతున్నాడు. అక్కడే ఉన్న మరో భారతీయుడు దాన్ని ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. ప్రపంచమంతా చూసింది. కొట్టిన అధికారిని పోలీసులు అరెస్టు చేశారు. ఆయన కుటుంబం ఫిర్యాదుతో వీడియో పెట్టినతన్నీ అరెస్టు చేశారు. వీడియో ఉంటే మాకు తెచ్చివ్వాలి గానీ నెట్‌లో పెట్టకూడదని పోలీసుల మాట.

ఈ కేసు గురించి క్యాంపుల్లో వాదనలు చాలానే జరిగాయి. "వీడియో పెట్టకపోతే ఆ డ్రైవరు మాట ఎవరు నమ్ముతుండె?" అని అడిగినవాళ్ళకు నా దగ్గర సులువైన జవాబు లేదు. తీయడం తప్పు కాదనే నేననుకుంటాను. ఆ వీడియో అక్కడ దెబ్బలు తిన్నవాడికి సాక్ష్యం. కానీ ఆ సాక్ష్యానికి ఒక సొంతదారున్నాడు. తన ఒంటి మీద పడ్డ దెబ్బలు లక్షల మంది చూడాలా, పోలీసు అధికారి ఒక్కడు చూడాలా అని దెబ్బలు తిన్న డ్రైవరును అడిగే తీరిక ఆ తొందరలో ఎవరికి ఉంటుంది? ఇవాళ ఇలాంటిది మన కళ్ళ ముందు జరిగితే చేయగలిగింది ఉంది. వీడియో ఎవరికీ పంపకుండా, బాధితుడికి చెప్పి, పోలీసుకు చూపించాలి. దుబాయ్ పోలీసులకు 901 నంబరు ఉంది, ఆన్‌లైన్ నేరాలకు ఈ-క్రైమ్ అని వేరే వేదిక ఉంది. ముందు గ్రూపులో పెట్టి, తర్వాత పోలీసు దగ్గరికి పోతే బాధితుడి పక్కన మనమూ నిలబడాల్సి వస్తుంది, వేరే వరసలో.

ఇంతదాకా మనం ఫొటో తీసేవాళ్ళ సంగతి. మన ఫొటో తీసేవాళ్ళూ ఉన్నారు. అల్ ఖూజ్‌లోనే అల్‌సర్కాల్ అవెన్యూ ఉంది, 2008 నుంచి. గోదాములే ఆర్ట్ గ్యాలరీలయ్యాయి, కాఫీ షాపులయ్యాయి. నగరం నలుమూలల నుంచి కెమెరాలు మెడలో వేసుకుని కుర్రవాళ్ళు వస్తారు. బొమ్మలు చూశాక బయటి వీధుల్లో తిరుగుతారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వ నియమం. ఆ వేళ మనవాళ్ళు గోడ నీడన అట్టముక్క పరుచుకుని, హెల్మెట్ తల కింద పెట్టుకుని, మెడకు చుట్టుకున్న తుండుగుడ్డ ముఖం మీద కప్పుకుని పడుకుంటారు. పక్కనే నీళ్ళ సీసా, టిఫిన్ డబ్బా. కెమెరా ఉన్నవాడికి అది మంచి ఫొటో. కింద "నిజమైన హీరోలు" అని రాసి పెడతాడు, లైకులు వస్తాయి. పడుకున్న మనిషి భార్యకు నెలనెలా చెప్తూ వస్తున్నాడు, "ఏసీ రూముల పని, ఏం కష్టం లేదు" అని. ఆ ఫొటో తిరిగి తిరిగి ఆమె దాకా చేరదని ఎవరు చెప్పగలరు? ఆ అబద్ధం చెప్పే హక్కు, దాన్ని ఎప్పుడో ఒకనాడు విప్పే హక్కు ఆ నిద్రపోయేవాడిది. గౌరవించాలంటే లేచాక అడగండి. ఒప్పుకుంటే తీయండి, తీసింది చూపించండి. వద్దంటే చెరిపేయండి.

ఇదే మాట మన రూముల్లో రీల్స్ తీసే తమ్ముళ్ళకూ. "క్యాంపు లైఫ్" అని పెట్టే వీడియోల్లో వెనక మంచాల మీద బనీన్లతో ఉన్నవాళ్ళు నటులు కారు. ఇక డబ్బు తీసుకుని గానీ, ఊరికే గానీ కొట్లకు, వస్తువులకు ప్రచారం చేసేవాళ్ళకు ఎమిరేట్స్ మీడియా కౌన్సిల్ 2025లో అడ్వర్టైజర్ పర్మిట్ ప్రకటించింది. మొదటి మూడేళ్ళూ ఉచితం. తీసుకోండి, ఆ గొడవ వదిలిపోతుంది.

చావు కబురు తర్వాత నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఉద్యోగాల ఫార్వర్డు. "దుబాయ్‌లో హెల్పర్లు కావాలి, జీతం ఇంత, తిండి, రూము ఫ్రీ, అర్జెంట్" అని కింద ఒక ఫోన్ నంబరు. ఈ మెసేజీని అల్ ఖూజ్‌లో ఉన్న మనిషి ఊరి గ్రూపులో పెడితే దాని విలువే మారిపోతుంది. "మనోడు ఆడనే ఉన్నడు, పెట్టిండంటే చూసే పెట్టిండు" అనుకుంటారు. నిజానికి మనోడు లిఫ్టులో దిగుతూ బొటనవేలితో నొక్కి పంపాడు, అంతే. అక్కడ ఒక కుర్రవాడు మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పోస్తాడు. విజిట్ వీసా మీద దిగి, పని లేక, గడువు దాటి, ఏ పార్కులోనో పడుకుంటాడు. ఆ ఏజెంటు పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తుండదు. మెసేజీ పెట్టిన మనోడి పేరు మాత్రం ఊరంతా చెప్పుకుంటుంది, అతని తల్లిదండ్రుల వాకిట్లోనే పంచాయితీ పెడుతుంది. ఆ పంచాయితీ అన్యాయమని నేననను.

పంపాలంటే చూసి పంపవచ్చు. ఏజెంటుకు భారత విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. లైసెన్సున్న ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. ఇక ఇక్కడి కార్మిక చట్టమైతే ఉద్యోగం ఇచ్చినందుకు కార్మికుడి దగ్గర రుసుము వసూలు చేయనే కూడదంటుంది. లక్షలు అడుగుతున్నాడంటే ఆ మెసేజీ అక్కడే ఆగిపోవాలి. కంపెనీ పేరు లేదు, జీతం మాత్రం ఘనంగా ఉందంటే కూడా అంతే. తెలిసిన కంపెనీ అయితే "మా కంపెనీలో నేనే కనుక్కున్నాను, ఫలానా తేదీన" అని మీ పేరు పెట్టి రాయండి. పేరు పెట్టడానికి చెయ్యి ఆడటం లేదంటే మీకు కూడా నమ్మకం లేదన్నమాట.

వదంతి గురించి కొత్తగా చెప్పాల్సింది తక్కువ, గుర్తు చేయాల్సింది ఉంది. 2018 మే నెల. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోంది, మనుషుల్ని చంపి అవయవాలు తీస్తోంది అని తెలంగాణ పల్లెల్లో ఫోన్ నుంచి ఫోన్‌కు పాకింది. ఎక్కడివో, ఎప్పటివో రక్తపు ఫొటోలు దానికి జోడించారు. రాత్రిళ్ళు కర్రలు పట్టుకుని కాపలాలు కాశారు. నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ ప్రాంతంలో ఒక మనిషిని కొట్టి చంపారు. యాదాద్రి భువనగిరి జిల్లాలో చుట్టాలింటికి పోతున్న ఆటో డ్రైవరును చంపారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను చంపారు. భీమ్‌గల్ అంటే గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ప్రాంతం. అక్కడి ఊరి గ్రూపుల్లో సభ్యులు సగం ఊళ్ళో ఉంటే సగం ఇలాంటి క్యాంపుల్లో ఉంటారు. దూరాన ఉన్నవాడికి పిల్లల మీద బెంగ ఎక్కువ, ఆ బెంగతోనే "జాగ్రత్త" అని ముందుకు పంపుతాడు. ఆ ఒక్క మెసేజీ అక్కడ ఎన్ని కర్రల్ని లేపుతుందో ఇక్కడ మంచం మీద పడుకున్నవాడికి కనిపించదు.

అదే రోజుల్లో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఏం చేశారో చూడండి. ఊరికొక పోలీసును పెట్టి, వాళ్ళను ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేర్పించారు. డప్పు కళాకారులతో ఊరూరా పాటలు పాడించి, ఆ వీడియోలు ఎలా అబద్ధమో చెప్పించారు. ఆమె జిల్లాల్లో ఒక్క ప్రాణం పోలేదు. ఆ డప్పు కొట్టినవాడు ఊరివాడే. మాటకు మళ్ళీ ఒక ముఖం వచ్చింది, అందుకే జనం నమ్మారు. వాట్సాప్ కంపెనీ కూడా ఆ ఏడాది జూలైలో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. తర్వాత 2020లో, బాగా తిరిగిన మెసేజీని ఒకేసారి ఒక్క చాట్‌కే పంపేలా కుదించింది. కట్టడి ఎన్నిసార్లు పెట్టినా వేలు మనదే కదా.

ఇక్కడ కూడా అలాంటి రోజులొచ్చాయి. 2022 జనవరి 17న అబుదాబి ముసఫ్ఫాలో యెమెన్ హూతీ తిరుగుబాటుదారుల దాడిలో ముగ్గురు చనిపోయారు. ఇద్దరు మనవాళ్ళు, ఒకరు పాకిస్తానీ. తర్వాత ఆకాశంలో క్షిపణుల్ని అడ్డుకుంటున్న వీడియోలు తీసి పెట్టినవాళ్ళను ప్రాసిక్యూషన్ పిలిపించింది. 2024 ఏప్రిల్ 16న కురిసిన వానకు దుబాయ్ రోడ్లు చెరువులయ్యాయి. మేఘాలకు మందు చల్లడం వల్లే ఈ వరద అని మనవాళ్ళు ఊళ్ళకు వాయిస్ మెసేజీలు పంపారు. ఆ తుఫాను సమయంలో అలాంటి పనేదీ చేయలేదని వాతావరణ కేంద్రం చెప్పింది, ఆ మాటను మాత్రం ఎవరూ పంపలేదు. వదంతి నేరమైతే ఇక్కడ కనీసం ఏడాది జైలు, లక్ష దిర్హాముల జరిమానా. అది విపత్తు సమయమైతే రెండేళ్ళు, రెండు లక్షలు. అలాంటి రాత్రి ఊరికి పంపాల్సింది ఒక్కటే, "నేను మంచిగున్న" అని. వాట్సాప్‌లో ఇక్కణ్ణుంచి కాల్ కలవదు గానీ మెసేజీ పోతుంది. బోటిమ్‌లో అయితే మాటే వినిపిస్తుంది. మీ క్షేమం మీ కబురు. దాన్ని మీకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

2025 ఏప్రిల్ 11న దుబాయ్‌లో ఒక బేకరీలో పని చేసే తెలంగాణవాళ్ళు ఇద్దరిని అక్కడే పని చేసే పాకిస్తానీ ఒకడు చంపాడు. అలాంటి వార్త వచ్చినప్పుడు ఫోన్‌లో వేళ్ళు ఆగవు, నాకు తెలుసు. కానీ చంపింది ఒక్కడు. అల్ ఖూజ్ క్యాంపుల్లో మనవాళ్ళు, పాకిస్తాన్ వాళ్ళు, బంగ్లా వాళ్ళు, నేపాలీలు ఒకే బస్సులో కూర్చుంటారు, ఒకే నల్లా దగ్గర ప్లేట్లు కడుగుతారు. ఆ దేశంవాళ్ళంతా ఇంతే, ఆ మతంవాళ్ళంతా ఇంతే అని ఊరి గ్రూపులో రాసి, రాత్రికి అదే రూములో ఎదురు మంచం మీద పడుకోవాలి. 2020 ఏప్రిల్‌లో కరోనా రోజుల్లో ముస్లింల మీద ద్వేషం రాసిన కొందరు భారతీయులు ఈ దేశంలో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వివక్షకు మన రెండు దేశాల్లోనూ చోటు లేదని అప్పటి భారత రాయబారి పవన్ కపూర్ బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. ఉద్యోగం పోతుందని కాదు నేను చెప్పేది. నిన్న నీ జ్వరానికి గోలీ తెచ్చిచ్చిన ఎదురు మంచం మనిషిని ఆ మాటల్లో కలిపేశావు, అతను అందులో లేడు.

చివరిగా కష్టంలో ఉన్నవాళ్ళ వీడియోల సంగతి. 2024 జూలైలో అన్నమయ్య జిల్లా మనిషి ఒకరు కువైట్ ఎడారిలో జీవాల మధ్య నిలబడి ఏడుస్తూ వీడియో పెట్టాడు. కోనసీమ మనిషి ఒకరు సౌదీ నుంచి పెట్టాడు. మంత్రి నారా లోకేశ్ స్పందించారు, ఇద్దరూ ఇల్లు చేరారు. ఇది వేరే రకం. తన కబురు తనే చెప్పుకున్నాడు. దాన్ని ముందుకు పంపడం సాయమే. అయితే కోసి, బాధ పెంచే సంగీతం కలిపి, మన ఛానల్ పేరు వేసుకుని కాదు. ఉన్నది ఉన్నట్టుగా, చేయగలిగిన మనిషికి పంపాలి. అతను ఇల్లు చేరాక తీసేయాలి. ఈ రెండోది ఎవరూ చేయరు. ఎప్పుడో ఏడ్చిన ముఖం ఇంకా తిరుగుతూనే ఉంటుంది, బడిలో అతని పిల్లలకు ఎవరో చూపించి నవ్వుతారు. ఆ వీడియో పని అయిపోయింది, ఇక అది అతనిది.

చందాలు కూడా ఇలాంటివే. తలా పది దిర్హాములు వేసి శవాన్ని ఊరికి పంపడం మన క్యాంపుల్లో మంచి అలవాటు. కానీ అనుమతి లేకుండా నెట్‌లో చందా అడగడం ఇక్కడ నేరం. 2016లో అఫ్గాన్ శరణార్థులకు దుప్పట్ల కోసం ఒక సంస్థ లింకు పెట్టినందుకు దుబాయ్‌లో ఉన్న ఒక బ్రిటిష్-ఆస్ట్రేలియా పౌరుడు వారాల తరబడి జైల్లో ఉన్నాడు. అయినా ముందు అడగాల్సిన చోటు వేరే ఉంది. దిక్కులేని కుటుంబాలకు శవం పంపే ఖర్చు భరించడానికి కాన్సులేట్ దగ్గర భారత సమాజ సంక్షేమ నిధి ఉంది. ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టు మీద సరైన దారిన వచ్చినవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా ఉంది, ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయలు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. ఈ మూడు సంగతులూ చాలా గ్రూపుల్లో ఒక్కసారి కూడా కనపడవు.

కాబట్టి ఈ రాత్రి మీ గ్రూపులో ఏదైనా పెట్టాలనుకుంటే ఇది పెట్టండి, కింద మీ పేరు రాసి. దుబాయ్‌లో భారత కాన్సులేట్ వారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం, రాత్రింబగళ్ళు పలుకుతుంది, ఫోన్ ఉచితం. నంబరు 800 46342. మళ్ళీ చెప్తున్నాను, 800 46342. పెట్టేముందు ఒకసారి మీరే డయల్ చేసి చూసుకోండి.